తాళం వేసిన ఇళ్లను కూడా లెక్కపెట్టు, పాపా

పాపా,

కొత్త లేఅవుట్లు వస్తున్న చోట సర్కారు బళ్లు ఎక్కడ కావాలో, ఎన్ని గదులు కావాలో రాసే పని నీ చేతికి వచ్చిందని మీ నాయన రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. నిద్రపోతున్న మీ పెద్దమ్మను లేపి మరీ చెప్పాను. ఆ తర్వాత తెల్లారేదాకా నాకే నిద్ర పట్టలేదు. బళ్లలో, మండలం ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ని, ఈ పనిలో తప్పు ఎక్కడ జరుగుతుందో నాకు తెలుసు. ఒకటి నేనే చేశాను.

ముందు మామూలు సంగతులు. ప్రతి బడీ ఏటా ఇచ్చే యూడైస్ లెక్కలు తీసుకో. అంగన్‌వాడీ రిజిస్టర్లు చూడు, ఈరోజు అక్కడ గుడ్డు తింటున్న మూడేళ్ల పిల్లే రేపు ఒకటో తరగతి. 2011 జనాభాను నమ్ముకోవద్దు, 2021లో జరగాల్సిన జనగణన అప్పుడు జరగలేదు, ఈలోగా మన తిరుపతి పక్క అవిలాల, పాడిపేట వైపు పొలాలు ప్లాట్లయిపోయాయి. విద్యా హక్కు నిబంధనల్లో ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపల, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపల ఉండాలని ఉంది. చిన్న బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 121 నుంచి 200 దాకా ఐదుగురు. కేంద్రం 2014లో ఇచ్చిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకాల్లో ఐదు వేల జనాభాకు ఒక ప్రాథమిక బడి, దానికి సుమారు ఎకరా అని రాశారు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. అప్పుడు నేను ఎంఈవోని, మండలంలో బళ్లు చూసే అధికారిని. హైవేకి అవతల కొత్త కాలనీ, పట్టాలిచ్చి మూడేళ్లయింది. బడి కావాలని అర్జీ వస్తే చూసి రమ్మన్నారు. బుధవారం పదకొండు గంటలకు జీపు దిగి వీధులు తిరిగాను. సగానికి పైగా ఇళ్లకు తాళాలు, కొన్ని ప్లాట్లలో కంప చెట్లు. తాళం ఉన్న ప్రతి ఇంటినీ ఖాళీ అని రాసుకున్నాను. పిల్లలు తక్కువ, హైవేకి ఇవతలున్న బడి సరిపోతుంది అని రిపోర్టు పెట్టాను. ఆ ఇళ్లవాళ్లు ఖాళీ చేసి పోలేదు పాపా, పనికి పోయారు. లాడ్జీల్లో గదులు ఊడ్చేవాళ్లు, హోటళ్లలో పిండి రుబ్బేవాళ్లు, బేల్దారి పనివాళ్లు, తెల్లవారుజామున నాలుగుకే ఇల్లు వదిలేవాళ్లు. పెద్ద పిల్లలు హైవే దాటి బడికి, చిన్నవాళ్లు అమ్మ వెంట పనికి. యాత్రికుల మీద బతికే ఊళ్లో పని గంటలు వేరుగా ఉంటాయని ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు. ఆరోజు ఎండకు విసుగొచ్చింది, సాయంత్రం మళ్లీ రావాలనిపించలేదు. అంతే.

నా కాగితం చూపించి, బడికని వదిలిన స్థలంలో సగం నీళ్ల ట్యాంకుకు, సగం కమ్యూనిటీ హాలుకు ఇచ్చేశారు. మూడేళ్లు తిరిగేసరికి ఇవతలి బడిలో ఒకే గదిలో రెండు తరగతులు వీపులు ఆనించుకుని కూర్చున్నాయి, ఐదో తరగతి వేపచెట్టు కింద. ఇంకో గది కడదామన్నా జాగా లేదు. ఆ ఆగస్టులో, బడి వదిలాక రోడ్డు దాటుతున్న రెండో తరగతి పిల్లాణ్ని లారీ కొట్టింది. ప్రాణం దక్కింది, ఎడమ కాలు దక్కలేదు. ఆస్పత్రికి పోయాను. వాళ్లమ్మ నన్ను గుర్తుపట్టింది, ఆ అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆమెదే. ఒక్క మాట అనలేదు. నీళ్లు తాగుతారా సార్ అని అడిగింది. ఈ సంగతి ఇన్నేళ్లలో మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అందుకే చెప్తున్నా, కాలనీకి రాత్రి ఏడు దాటాక వెళ్లు, ఆదివారం వెళ్లు. కరెంటు మీటర్లు లెక్కపెట్టు. దండేల మీద ఆరేసిన చిన్న నిక్కర్లు, గౌన్లు చూడు. బాడుగ ఇళ్లను వదలొద్దు, పిల్లలు ఎక్కువగా ఉండేది వాటిలోనే. ఆఫీసులో కూర్చుని మ్యాపు మీద కిలోమీటరుకు గుండ్రంగా గీత గీశావో, నాకు కోపం వస్తుంది, ముందే చెప్తున్నా. పిల్లలు కాకులు కాదు ఎగిరి దాటడానికి. మధ్యలో పూతలపట్టు-నాయుడుపేట హైవే గానీ రైలు పట్టాలు గానీ అడ్డమొస్తే అవతలి బడి లేనట్టే లెక్క వెయ్యి. మీ పైవాళ్లు ఒప్పుకోకపోతే ఫైల్లో రాసి సంతకం పెట్టు, నోటితో చెప్పి ఊరుకోవద్దు.

స్థలం మాత్రం లేఅవుట్‌కి అనుమతి ఇచ్చే రోజే పట్టుకో. ఇళ్లు లేచాక జాగా అంకణం రేటు చూసి బడికి ఎవరూ వదలరు. గదులన్నీ ఒకేసారి కట్టమని అడగొద్దు, ఇంకో పదిహేనేళ్లకు ఆ పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోతే గదులు ఖాళీగా మిగులుతాయి. ముందు నాలుగు కట్టి, పైన మేడ వేసుకునేలా పునాది గట్టిగా వేయమను. అందరూ ప్రైవేటుకే పోతారులే అనేవాళ్లుంటారు. కరోనా ఏడాది ఫీజులు కట్టలేక ఎంతమంది మన బళ్లకు వచ్చారో వాళ్లకు గుర్తుచెయ్యి.

నువ్వు చిన్నప్పుడు లెక్క తప్పితే పలక తుడిచి మొదటి నుంచి వేసేదానివి, ఎవరూ చెప్పకుండానే. అది గుర్తొచ్చి రాత్రి కొంచెం ధైర్యం వచ్చింది.

రెండో శనివారం నీకు సెలవే కదా, సాయంత్రం రా. నువ్వు మొదట చూడబోయే కాలనీలో చివరి ఇంటి నుంచి బడి గేటు దాకా ఇద్దరం నడిచి చూద్దాం, ఎన్ని నిమిషాలు పడుతుందో నువ్వు రాసుకో. నా మోకాళ్ల గురించి ఆలోచించొద్దు, మధ్యలో కూర్చుంటాను. గట్టి చెప్పులు వేసుకురా, అటు పక్క పల్లేరుకాయలు ఎక్కువ. రాత్రికి పెద్దమ్మ సంగటి చేస్తానంటోంది.

మీ పెదనాయన