రొయ్యలకు ముందు సెట్రిజిన్ వేసుకుంటున్నారా?

ప్రశ్న: నా వయసు 51. బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నాను. వచ్చే నెల డెన్మార్క్‌లోని కోపెన్‌హేగెన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. ఒక పెద్ద రెస్టారెంట్‌లో 16 రకాలు వరుసగా వడ్డించే విందుకు టేబుల్ బుక్ చేసింది. పచ్చి ఆయిస్టర్లు (గుల్లల్లో ఉండే సముద్రపు జీవులు), పచ్చి చేప, చీమలు కూడా పెడతారట. అన్నీ రుచి చూడాలని ఉంది. విరేచనాలు పట్టుకోకుండా ముందే ఏ యాంటీబయాటిక్ వేసుకోవాలి? రొయ్యలు తింటే పెదవులు దురద పెట్టి కొంచెం వాస్తాయి గానీ, ముందే సెట్రిజిన్ వేసుకుంటాను కాబట్టి ఇబ్బంది లేదు.
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: విరేచనాల సంగతి తర్వాత. మీరు చివర్లో తేలిగ్గా రాసేసిన మాటే నన్ను కంగారు పెట్టింది.

ఉత్తరం చూసి తేల్చలేను గానీ, మీరు చెప్పింది రొయ్యల ఎలర్జీలాగే ఉంది. సెట్రిజిన్ దురదను, దద్దుర్లను తగ్గిస్తుంది, అంతే. గొంతు వాపును, ఆయాసాన్ని, బీపీ పడిపోవడాన్ని ఆపలేదు. పైగా మొదట కనిపించాల్సిన హెచ్చరికను కప్పేస్తుంది, మీరు తింటూనే ఉంటారు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అనుకోవద్దు. తిన్న మోతాదు, మద్యం, ఒళ్లు నొప్పులకు వేసుకున్న ఐబుప్రొఫెన్, తిన్న వెంటనే నడక, వీటిలో ఏది తోడైనా తీవ్రత పెరగొచ్చు. పగలంతా ఊరు తిరిగి, రాత్రి వైన్‌తో కూర్చునే విందులో ఇవన్నీ కలుస్తాయి. దయచేసి ఈ సొంత వైద్యం ఈరోజే ఆపండి.

మెటోప్రొలాల్‌తో ఇంకో చిక్కుంది. ఎలర్జీ ముదిరితే ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజెక్షన్. ఈ రకం బీపీ మాత్రలు వాడేవారిలో అది సరిగా పనిచేయకపోవచ్చు. అలాగని మీ అంతట మీరు మానేయకండి, ఉన్నట్టుండి ఆపితే గుండెకు ప్రమాదం. మార్చే వీలుందేమో మీ డాక్టర్‌నే అడగండి.

ఇక చీమలు. రొయ్యలో ఎలర్జీ తెప్పించే ముఖ్యమైన ప్రొటీన్ ట్రోపోమయోసిన్. ఉడికించినా చెడదు. పీతలు, లాబ్‌స్టర్లలోనే కాదు, చీమలు, మిడతల్లోనూ దాదాపు అలాంటిదే ఉంటుంది. కోపెన్‌హేగెన్‌కు చెందిన నోమా అనే రెస్టారెంట్ బృందం 2015లో టోక్యోలో పచ్చి రొయ్య మీద చీమలు పెట్టి వడ్డించింది. అలాంటి పళ్లెం మీ ముందుకొస్తే పక్కన పెట్టేయండి. కంటికి కనబడనివి ఇంకా కష్టం. గోంగూరలో ఎండు రొయ్యల పొడి కలిపితే తెలియదు కదా, అక్కడా రొయ్య తలల నూనె, లాబ్‌స్టర్ రసంతో చేసిన సాస్ అలాగే కలిసిపోతాయి.

ప్రయాణానికి ముందే ఎలర్జీ స్పెషలిస్టును కలవండి. చర్మ పరీక్షకు వారం ముందు నుంచి సెట్రిజిన్ ఆపాల్సి ఉంటుంది, ఎలర్జీని పట్టే స్పెసిఫిక్ ఐజీఈ రక్తపరీక్షకు ఆపనక్కర్లేదు. అడ్రినలిన్ పెన్ను (సొంతంగా పొడుచుకునే ఇంజెక్షన్) అవసరమా అని కూడా అడగండి. మన దగ్గర అది సులభంగా దొరకదు కాబట్టి చివరి వారం దాకా ఆగొద్దు. అమ్మాయితో రెస్టారెంట్‌కు ఇప్పుడే మెయిల్ పెట్టించండి. యూరోపియన్ యూనియన్‌లో 14 రకాల ఎలర్జీ పదార్థాల వివరాలు హోటళ్లు చెప్పి తీరాలి. రొయ్య, పీత జాతి ఒకటి, ఆయిస్టర్ జాతి మరొకటి అందులో ఉన్నాయి. చీమలు లేవు, విడిగా రాయండి.

విందులో గొంతు బిగిసినా, మాట బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా సెట్రిజిన్ కోసం వెతకొద్దు. పెన్ను ఉంటే తొడ బయటి వైపు మధ్యలో, ప్యాంటు మీదుగానైనా పొడిచి, 112కు ఫోన్ చేయాలి. పడుకుని కాళ్లు ఎత్తిపెట్టాలి, ఆయాసంగా ఉంటే కూర్చోవచ్చు. తగ్గినట్టే తగ్గి మళ్లీ రావచ్చు, అందుకే ఆసుపత్రికి వెళ్లి తీరాలి.

యాంటీబయాటిక్ ముందే వేసుకోకండి. ఆయిస్టర్లతో తరచుగా వచ్చేది నోరోవైరస్, దాని మీద ఆ మందు పనిచేయదు. నిమ్మరసం, వైన్ కూడా దాన్ని చంపవు. నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం పడినా అక్కడి డాక్టర్‌ను కలవాలి. పచ్చి చేపలో పురుగు చావాలంటే దాన్ని మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు గడ్డకట్టించి ఉండాలి, అడిగితే చెబుతారు. షుగర్ గురించి, లివర్ జబ్బు గురించి మీరు రాయలేదు. వాటిలో ఏది ఉన్నా పచ్చి ఆయిస్టర్లు అసలు వద్దు.