ఐస్ ప్లాంట్‌లో అమ్మోనియా వాసన ప్రమాదమా?

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ప్లాంట్‌లో చేరిన మీ తమ్ముడికి రోజూ కళ్లు మండుతున్నాయన్నారు. తేలిగ్గా తీసుకోకండి.

ఐస్ ప్లాంట్‌లో చల్లదనం కోసం వాడే అమ్మోనియా గ్యాస్ తడి తగలగానే కరిగి క్షారమవుతుంది. అందుకే ముందు కళ్లు, ముక్కు, గొంతు మండుతాయి. మోతాదు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, అదీ ఒక్కోసారి కొన్ని గంటలు ఆలస్యంగా. కార్మికుల ఆరోగ్య భద్రతపై పనిచేసే అమెరికా సంస్థ నియోష్ లెక్కలో పని రోజు సగటు పరిమితి 25 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 25 భాగాలు). 300 అయితే ప్రాణాపాయమే.

‘అలవాటైపోయింది, వాసనే రావట్లేదు’ అనే సీనియర్ల మాట అస్సలు నమ్మొద్దు. మొద్దుబారింది ముక్కు, గ్యాస్ ఎక్కడికీ పోలేదు.

లీకైతే గాలి వచ్చే దిక్కుకి (మన దగ్గర పగలు ఎక్కువగా సముద్రం వైపు) వెళ్లాలి. కళ్లు కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడిగి, ఆసుపత్రికి పోవాలి. ముఖానికి తడిగుడ్డ కట్టుకున్నా అది మాస్క్‌కి సాటి కాదు.