నిఘంటువు వేస్తే చిన్న తుర్కిక్ భాషలు బతుకుతాయా? చువాష్ దగ్గర నేను చూసింది

రష్యాలోని చిన్న తుర్కిక్ భాషలకి, అంటే టర్కీ భాషకి చుట్టాలైనవాటికి, ద్విభాషా నిఘంటువులు వేస్తే అవి నిలబడతాయా అని కదా ప్రశ్న. ఏ భాష నుంచి ఏ భాషలోకి వేశారు, ఎవరి కోసం వేశారు అన్నదాన్ని బట్టి ఉంటుందంటాను.

నేను ఎంబీబీఎస్ చెబొక్సారీలో చదివాను, అక్కడ మనవాళ్లు బాగానే ఉంటారు. అది రష్యాలో చువాష్ వాళ్ల రిపబ్లిక్ చువాషియాకి రాజధాని. చువాష్ కూడా తుర్కిక్ భాషే, కానీ ఆ కుటుంబంలో ఒక పాయ అంతా పోయి ఇదొక్కటే మిగిలింది, అందుకే టర్కీ వాళ్లు విన్నా పెద్దగా అర్థం కాదు. క్లినికల్ పోస్టింగుల్లో పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలు రష్యన్‌లోనే మొదలుపెట్టేవాళ్లు, నొప్పి సంగతి వచ్చేసరికి చువాష్‌లోకి దిగిపోయేవాళ్లు. మాకా రష్యనే అంతంతమాత్రం! పెద్ద వయసు సిస్టర్లు విడమర్చి చెప్పేవాళ్లు, కుర్ర సిస్టర్లేమో అర్థమవుతుంది గానీ మాట్లాడటం రాదనేవాళ్లు.

నేను 1982లో స్క్వొర్త్సోవ్ సంపాదకత్వంలో వచ్చిన చువాష్-రష్యన్ నిఘంటువు పాతది ఒకటి కొన్నాను, దాదాపు 40,000 మాటలు. మంచి పుస్తకం, ఒక్కో మాటకీ అది వాడే వాక్యాలు కూడా ఇస్తారు. చిక్కేంటంటే చెవిన పడిన మాట పడినట్టు అందులో దొరకదు. 'నా తల' అన్నది వాళ్లకి ఒకే మాట, వెనక తగిలించినవి ఊడబీకి అసలు మాట పట్టుకున్నాకే పేజీ తిప్పాలి. తెలుగువాళ్లం కాబట్టి నాకది వింతనిపించలేదు, మనం మాత్రం 'తలలోంచి' అని నిఘంటువులో వెతుకుతామా? ఇంట్లో రష్యనే మాట్లాడుతూ పెరిగిన కుర్రాడికి మాత్రం అది పెద్ద తలనొప్పే.

ఇంతకన్నా పెద్దది అష్మారిన్ అనే పండితుడు వేసిన చువాష్ నిఘంటువు. 1928 నుంచి 1950 దాకా 17 సంపుటాలు, ఆయన 1933లోనే పోయారు, మిగతావి తర్వాత వచ్చాయి. పల్లెల పేర్లు, పాతకాలం మనుషుల పేర్లు, పూజలు, ఆచారాలు అన్నీ ఉంటాయి. యాకూత్ అనే ఇంకో తుర్కిక్ భాషకి పెకార్స్కీ వేసినదీ (1907-1930) అలాంటిదే, జార్ ప్రభుత్వం శిక్ష వేసి సైబీరియాకి పంపితే అక్కడే మొదలుపెట్టాడు మహానుభావుడు. రెండూ దండం పెట్టాల్సిన పనులే, కాకపోతే అవి తెలియని భాషని అర్థం చేసుకోడానికి వేసినవి. ఆ కుర్ర సిస్టర్‌కి కావాల్సింది దానికి తిరగేసినది: తనకి రష్యన్‌లో తట్టినదాన్ని చువాష్‌లో ఎలా అనాలో ఫోన్‌లో వాక్యంతో సహా చూపించి, పలికి వినిపించేది. సైబీరియాలోని తువా అనే తుర్కిక్ భాషకి అలా నొక్కితే పలికే నిఘంటువు ఉంది.

ఇక అసలు దెబ్బ వేరే చోట ఉంది. 2018 చట్టంతో బడుల్లో రష్యన్ కాని భాషలు ఐచ్ఛికమైపోయాయి, తల్లిదండ్రులు కావాలని రాసిస్తేనే. 2010 జనగణనలో చువాష్ మాట్లాడేవాళ్లు 10 లక్షలు దాటారు, 2021లో జరిగినదాంట్లో 7 లక్షల చిల్లరకి పడిపోయారు. ఆ పదేళ్లలో నిఘంటువులకేం కరువు రాలేదు, నెట్‌లోకీ వచ్చేశాయి.

సైబీరియాలోనే తోఫా అనే మరీ చిన్న తుర్కిక్ భాష ఉంది, అలాంటివాటి లెక్క వేరు. మాట్లాడేవాళ్లు పదుల్లో మిగిలినప్పుడు ముందు ఆ పెద్దవాళ్ల గొంతులు రికార్డు చేసుకోవాలి, మిగతావన్నీ తర్వాతే. అయినా 1995లో రస్సాదిన్ వేసిన తోఫా నిఘంటువు రెండు వైపులా ఉంది, రష్యన్ నుంచి కూడా వెతుక్కోవచ్చు. మీరు ఇలాంటి ప్రాజెక్టులో చేరే ఆలోచనలో ఉంటే ఆ రెండో భాగం ఎవరు చేస్తున్నారో ముందు అడగండి.