నాణేలు అమ్మే వేలం వేరు, కొనే వేలం వేరు

మీరు అడిగింది ఇదీ: తాతగారి దగ్గర నుంచి నలభై దాకా నాణేలు మీకు వచ్చాయి. కొన్ని గ్రేడింగ్ చేసిన, అంటే స్థితిని బట్టి మార్కు వేసి సీలు చేసిన ప్లాస్టిక్ డబ్బాల్లో ఉన్నాయి, మిగతావి చిన్న కాగితపు కవర్లలో ఉన్నాయి. కొన్ని అమ్మేసి, ఆ డబ్బుతో మీకిష్టమైన పాత రోమన్ నాణేలు కొనుక్కోవాలని ఉంది. పెద్ద వేలం సంస్థకి ఇవ్వాలా, ఈబేలో పెట్టుకోవాలా, కొనడానికి కూడా అదే చోటు సరిపోతుందా అన్నది మీ సందేహం.

నేను పదిహేనేళ్లుగా వేలంపాటల్లో నాణేలు కొంటున్నాను, అప్పుడప్పుడూ అమ్ముతున్నాను. మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే నేను ఎక్కువ పోగొట్టుకున్నది అక్కడే. అమ్మడానికి మంచి చోటు, కొనడానికి మంచి చోటు మామూలుగా ఒకటి కావు. అమ్మేటప్పుడు మీ నాణెం గురించి బాగా తెలిసినవాళ్లు ఎంత ఎక్కువమంది చూస్తే అంత మేలు. కొనేటప్పుడు వివరాలు నమ్మేట్టుగా ఉండాలి, నకిలీ అని తేలితే డబ్బు వెనక్కిస్తామన్న హామీ ఉండాలి, కానీ పోటీ తక్కువగా ఉండాలి.

నాకిది ఒక గుడ్లగూబ నేర్పింది. ప్రాచీన గ్రీకు నగరం ఏథెన్స్ వెండి నాణెం, టెట్రాడ్రాక్మ్ అంటారు, ఒక పక్క ఎథీనా దేవత తల, రెండో పక్క గుడ్లగూబ, ఆలివ్ కొమ్మ. అప్పటికి నేను సేకరణ మొదలుపెట్టి నాలుగేళ్లు. డబ్బు అవసరమై దాన్ని ఒక వేలం సంస్థకి ఇచ్చాను. పేరున్న సంస్థే, కానీ వాళ్లు పాత కుర్చీలు, గడియారాలు, పెయింటింగులు అమ్మేవాళ్లు. నాణేలు వాళ్లకి ఏడాదిలో ఒకటి రెండుసార్లు వచ్చే సరుకు. క్యాటలాగ్‌లో నా నాణేనికి ఒక్క లైను రాశారు, ఒక చిన్న ఫొటో వేశారు. బరువు కూడా రాయలేదు. ఈ నాణేలకి బరువు ఎంత ముఖ్యమంటే, 17.2 గ్రాములకి బాగా తగ్గితే కొనేవాడికి అనుమానం వస్తుంది. నాది సరైన బరువే, ఆ సంగతి చెప్పినవాళ్లే లేరు. ఇద్దరే పాడారు, వాళ్లలో ఒకాయన రెండో పాటకే ఆగిపోయాడు.

ఎనిమిది నెలల తర్వాత ప్రాచీన నాణేలు మాత్రమే అమ్మే ఒక సంస్థ క్యాటలాగ్ చూస్తుంటే అదే నాణెం కనిపించింది. గుడ్లగూబ పక్కన పాతకాలంలో వెండిని పరీక్షించడానికి ఉలితో కొట్టిన గాటు ఉంది, దాన్నిబట్టి గుర్తుపట్టాను. ఈసారి రెండు పెద్ద ఫొటోలు, బరువు, వ్యాసం, నాణేల రకాల్ని జాబితా వేసిన ఏ గ్రంథంలో ఏ నంబరు కింద వస్తుందో అన్నీ రాశారు. నాకు వచ్చిన ధరకి దాదాపు మూడు రెట్లకి పోయింది. నాణెం మారలేదు, గాటు మారలేదు. చూసినవాళ్లు మారారు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ నన్ను మోసం చేసినవాళ్లు ఎవరూ లేరు, చోటు ఎంచుకున్నది నేనే.

అందుకని 'ఏ సంస్థ పెద్దది' అని చూడకండి. 'నా దగ్గరున్న రకం నాణేలు ఎక్కడ ఎక్కువగా అమ్ముడవుతున్నాయి' అని చూడండి. అమెరికా నాణేలైతే హెరిటేజ్, స్టాక్స్ బోవర్స్, గ్రేట్ కలెక్షన్స్. గ్రీకు, రోమన్ నాణేలైతే సీఎన్‌జీ, నోమోస్, ల్యూ, జర్మనీలో క్యున్కర్. బ్రిటిష్ నాణేలకి స్పింక్, నూనన్స్. ఆస్ట్రేలియా నాణేలకి నోబుల్. ఇవి నేను సిఫారసు చేస్తున్నవి అనుకోవద్దు, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తున్నాను, అంతే.

వెతకడానికి పాత వేలాల ఫలితాలే సాధనం. కాయిన్‌ఆర్కైవ్స్‌లో ఇటీవలి నెలల ఫలితాలు ఉచితంగా కనిపిస్తాయి. ఏసీసెర్చ్‌లో చాలా పాతవి కూడా ఉంటాయి, ధరలు చూడాలంటే డబ్బు కట్టాలి. హెరిటేజ్ పాత ధరలు పేరు నమోదు చేసుకుంటే చాలు, కనిపిస్తాయి. నమిస్‌బిడ్స్, సిక్స్‌బిడ్, బిడ్డర్ లాంటి వెబ్‌సైట్లలో ఎన్నో సంస్థల వేలాలు ఒకేచోట దొరుకుతాయి. మీ నాణెం లాంటివి గత రెండేళ్లలో ఏ సంస్థ ఎన్ని అమ్మిందో లెక్కపెట్టండి. అమ్ముడుపోకుండా మిగిలినవి ఎన్నో కూడా చూడండి, ఈ రెండోది చాలామంది చూడరు. పదిలో నాలుగు మిగిలిపోతున్నాయంటే ఆ సంస్థ అంచనా ధరలు ఎక్కువ వేస్తోందన్నమాట, లేదా కొనేవాళ్లు అక్కడికి రావడం లేదన్నమాట. ఎలా చూసినా అమ్మేవాళ్లకి అది మంచి గుర్తు కాదు.

ఇక డబ్బు లెక్క. వేలంలో సుత్తి పడ్డ ధర, అంటే ఆఖరి పాట వేరు, కొన్నవాడు కట్టేది వేరు, అమ్మినవాడి చేతికి వచ్చేది వేరు. సుత్తి ధర మీద కొనేవాడి దగ్గర అదనంగా తీసుకునే బయ్యర్స్ ప్రీమియం లండన్‌లో 1975లో క్రిస్టీస్, సదబీస్ అనే వేలం సంస్థలు మొదలుపెట్టాయి. ఇప్పుడు నాణేల వేలాల్లో అది చాలాచోట్ల 20 శాతం అటూ ఇటూ ఉంటోంది. సుత్తి ధర వెయ్యి అనుకుందాం. కొన్నవాడు 1,200 కడతాడు. అమ్మినవాడి దగ్గర 10 శాతం కమీషన్ పట్టుకుంటే మీ చేతికి 900 వస్తుంది. కొనేవాడు ఇచ్చిన ప్రతి 1,200లో 300 మధ్యలో ఉండిపోతుంది. ఫొటోకి ఇంత, బీమాకి ఇంత, అమ్ముడుపోకపోతే ఇంత అని ఇంకా ఉండొచ్చు. కాంట్రాక్ట్ మొత్తం చదవండి, ముఖ్యంగా అమ్ముడుపోని నాణేనికి ఏం కట్టాలో రాసిన చోటు.

ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అమ్మేవాడి కమీషన్ మీద బేరమాడొచ్చు. ఖరీదైన నాణెం ఉంటే సున్నా శాతానికి కూడా ఒప్పుకుంటారు, మరీ మంచిదైతే బయ్యర్స్ ప్రీమియంలో కొంత మీకే ఇస్తారు. మీ నలభైలో ఒకటి రెండు మంచివి ఉంటే వాటిని విడిగా ముందే ఇచ్చేయకండి. వాటిని చూపించి మొత్తానికి కమీషన్ తగ్గించమని అడగండి. నేను మొదటి మూడుసార్లు అడగలేదు. నాలుగోసారి అడిగితే ఫోన్‌లో రెండు నిమిషాల్లో తగ్గించారు.

చిన్న ధర నాణేలు మాత్రం పెద్ద సంస్థ విడిగా తీసుకోదు, గుత్తగా కలిపి ఒక లాట్ చేస్తుంది. గుత్త లాట్‌లో కొనేది ఎక్కువగా డీలర్లే, వాళ్లు తమ లాభం చూసుకుని పాడతారు. అలాంటివాటికి ఈబే మేలు. కాకపోతే ఫొటోలు తీయడం, ప్యాకింగ్, వెనక్కి పంపితే తీసుకోవడం అంతా మీ పని. పది నాణేలకి ఆ ఓపిక ఉంటుంది, నలభైకి ఉండదు.

డబ్బు ఎప్పుడొస్తుందో కూడా ముందే తెలుసుకోండి. వేలానికి రెండు మూడు నెలల ముందే నాణేలు ఇవ్వాలి, వేలం అయ్యాక 45 రోజులకి డబ్బు రావడం మామూలు. ఒక చిన్న సంస్థ నాకు ఐదు నెలలు తిప్పింది. మెయిల్ పెడితే జవాబు లేదు, ఫోన్ చేస్తే 'వచ్చే వారం' అనేవాళ్లు. చివరికి వచ్చింది కానీ ఆ ఐదు నెలల టెన్షన్ ఎవరికీ వద్దు. అప్పటి నుంచి రెండు విషయాలు అడుగుతున్నాను: అమ్మినవాళ్ల డబ్బు విడి ఖాతాలో ఉంచుతారా, ఐఏపీఎన్‌లో సభ్యులా అని. ఐఏపీఎన్ అంటే 1951లో మొదలైన అంతర్జాతీయ నాణేల వ్యాపారుల సంఘం. దాని సభ్యులు తాము అమ్మిన నాణెం అసలుదేనని హామీ ఇవ్వాలి. కొనేటప్పుడు కూడా ఇది పనికొస్తుంది.

కొనడం గురించి చెప్పాలంటే, మొదట్లో నేను ప్రీమియం మర్చిపోయి పాడేవాణ్ని. ఇప్పుడు వెనక నుంచి లెక్క వేస్తాను. ఒక నాణేనికి మొత్తం వెయ్యి దాటకూడదు, ప్రీమియం 20 శాతం అంటే నా ఆఖరి పాట 833. పోస్టేజీ, దిగుమతి పన్ను ఉంటే ఇంకా తక్కువ. ఆ అంకె వేలానికి ముందు రోజే కాగితం మీద రాసుకుంటాను. పాట వేడిలో పెంచనే పెంచను. 1971లో ముగ్గురు పెట్రోలియం ఇంజినీర్లు చమురు క్షేత్రాల వేలాల గురించి ఒక సంగతి గమనించి రాశారు: గెలిచేవాడు తరచుగా సరుకు విలువని అందరికన్నా ఎక్కువగా ఊహించుకున్నవాడే. నాణేలకి అది అక్షరాలా వర్తిస్తుంది. పది మంది చూసి మానేసిన రోమన్ వెండి నాణెం, డినారియస్ ఒకటి నాకు చవగ్గా వచ్చిందని మురిసిపోతే, ఇంటికి వచ్చాక చూస్తే దాని అంచులో పగులు ఉంది. ఫొటోలో అది కనపడుతూనే ఉంది, చూడనిది నేనే.

వేలం ఎలా ముగుస్తుందో కూడా తెలిసి ఉండాలి. ఈబేలో మామూలుగా గడియారం చెప్పిన సమయానికి ఆగిపోతుంది, అందుకే చివరి క్షణాల్లో పాటలు పడతాయి. మీ గరిష్ఠ పాట ముందే పెట్టేసి పక్కకి వెళ్లినా నష్టం లేదు, రెండో పాటదారు కన్నా ఒక మెట్టు మాత్రమే పైకి వెళ్తుంది. కొన్ని నాణేల సైట్లలో ఆఖరి నిమిషంలో పాట పడితే సమయం పొడిగిస్తారు. అలాంటి చోట చివర్లో దూకడం వల్ల ఏం లాభం లేదు.

ప్లాస్టిక్ డబ్బాల సంగతి. అమెరికాలో పీసీజీఎస్ అనే సంస్థ 1986లో, ఎన్‌జీసీ అనే సంస్థ 1987లో ఈ గ్రేడింగ్ మొదలుపెట్టాయి. 1 నుంచి 70 దాకా ఉండే షెల్డన్ స్కేలు మీద మార్కు వేస్తారు. డబ్బా మీద నంబరు ఉంటుంది, ఆ సంస్థల సైట్‌లో ఆ నంబరు కొట్టి అక్కడి ఫొటోతో మీ నాణెం పోల్చి చూడండి. డబ్బాలకి కూడా నకిలీలు ఉన్నాయి, నిజమైన నంబరుతోనే. 'డీటెయిల్స్' అని రాసి ఉంటే ఎప్పుడో కడిగారనో, గీతలు పడ్డాయనో అర్థం, ధర బాగా తగ్గుతుంది. కవర్లలో ఉన్న నాణేల్లో మంచివి కనిపిస్తే గ్రేడింగ్‌కి పంపాలా అంటే, అమెరికా నాణేలకి చాలాసార్లు లాభమే. గ్రీకు, రోమన్ నాణేలకి తొందరపడొద్దు. యూరప్‌లో చాలామంది సేకర్తలు వాటిని చేత్తో పట్టుకుని చూడాలనుకుంటారు, డబ్బా అక్కర్లేదంటారు.

రోమన్ నాణేలు కొంటానన్నారు కాబట్టి ఇది తప్పకుండా చెప్పాలి. 2020 అక్టోబరులో లండన్ వేలంలో, జూలియస్ సీజర్‌ని చంపినవాళ్లలో ఒకడైన బ్రూటస్ వేయించిన బంగారు నాణెం ఒకటి అమ్ముడైంది. సీజర్ హత్య జరిగిన మార్చి 15ను గుర్తుచేస్తూ రెండు బాకులు, మధ్యలో టోపీ ఉండే నాణెం, క్రీ.పూ. 42 నాటిది. సుత్తి ధర 27 లక్షల పౌండ్లు, ప్రీమియంతో కలిపి 32.4 లక్షలు. క్యాటలాగ్‌లో దాని చరిత్ర, ఎవరి సేకరణ నుంచి వచ్చిందో, అంతా రాశారు. ఆ చరిత్ర అబద్ధమని తర్వాత తేలింది, 2023లో నాణేన్ని గ్రీసుకి తిరిగి ఇచ్చేశారు. అంత పెద్ద నాణేనికే అలా జరిగింది. ఇవాళ ప్రాచీన నాణెం ధరలో సగం అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితాల్లో ఉందని నేను నిజంగా నమ్ముతాను. పాత వస్తువుల అక్రమ రవాణాని ఆపడానికి యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది. అంతకు ముందు నుంచీ ఒక సేకరణలో ఉన్నట్టు రుజువుంటే కొనేవాళ్లు సంతోషంగా ఎక్కువ ఇస్తారు. పాత వస్తువులు దేశం దాటించడానికి చాలా దేశాల్లో అనుమతి కావాలి కాబట్టి, బయటి వేలానికి పంపే ముందు మీ దేశం నియమం చూసుకోండి.

ఇప్పుడు మీ తాతగారి కాగితపు కవర్ల దగ్గరికి వస్తాను. మీరు వాటి గురించి సగం వాక్యమే రాశారు, నాకు మాత్రం అన్నిటికన్నా అవే ముఖ్యం అనిపించింది. ఆ కవర్ల మీద చేతిరాత ఉందా? తేదీ, దుకాణం పేరు, లాట్ నంబరు ఏమైనా ఉన్నాయా? చాలామంది నాణేల్ని మంచి ప్లాస్టిక్ జేబుల్లోకి మార్చి పాత కవర్లు చెత్తలో వేస్తారు. నేను కొన్న, రోమన్ చక్రవర్తి హాడ్రియన్ కాలం నాటి ఒక డినారియస్‌తో పాటు పసుపుపచ్చ కవరు వచ్చింది, దాని మీద 1962 అని, ఒక క్యాటలాగ్ నంబరు అని ఇంకుతో రాసి ఉంది. ఆ నంబరు పట్టుకుని పాత క్యాటలాగ్ వెతికితే అదే నాణెం ఫొటో దొరికింది. దాన్ని నేను అమ్మలేదు, అమ్మే ఉద్దేశం కూడా లేదు.

కాబట్టి ఈ వారం ఏ సంస్థకీ ఫోన్ చేయకండి, ఏ నాణేన్నీ తుడవకండి. ఒక్కో నాణేన్ని దాని కవరు పక్కనే పెట్టి రెండు వైపులా ఫొటో తీయండి, చిన్న డిజిటల్ తూకం మీద బరువు చూసి రాసుకోండి. ఆ జాబితా తయారయ్యాక ఇక్కడే పెట్టండి. ఏది ఎక్కడికి పంపొచ్చో ఒక్కోటీ చూసి చెప్తాను.