రాజమండ్రి దగ్గర పిల్లలతో ఒకరోజు అంటే నేను కడియమే చెబుతాను

ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడతో రాజమండ్రి చుట్టుపక్కల ఒకరోజు తిరగడానికి మంచి పార్కులు, తోటలు ఏమున్నాయని అడిగారు. మా ఇంట్లోనూ అచ్చం అదే లెక్క, మా అమ్మ, మేమిద్దరం, పిల్లలిద్దరు. నా మాట వింటే పార్కుల జోలికి పోకుండా తిన్నగా కడియం దగ్గరి కడియపులంక నర్సరీలకు వెళ్ళండి.

పార్కులో పిల్లలకు చేయడానికి ఏముంటుందండీ? గడ్డి మీద నడవకూడదు, పువ్వు ముట్టుకోకూడదు, ఉన్న రెండు ఉయ్యాలల్లో ఒకదానికి గొలుసు ఊడి ఉంటుంది. ఒకసారి ఒక పార్కులో మేము ఇలా చాప పరిచామో లేదో మధ్యాహ్నం గేటు వేసేస్తామని బయటికి పంపేశారు. మోకాళ్ళ నొప్పులతో అంత దూరం నడిచొచ్చిన మా అమ్మ పులిహోర కారులో కూర్చుని తినాల్సి వచ్చింది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

కిందటి ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే బయలుదేరి ముందు ధవళేశ్వరం వెళ్ళాం. గోదావరి మీది బ్యారేజీ, అక్కడ మొదట ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరిట ఉన్న మ్యూజియం చూపించాను. 1847లో మొదలైన ఆ పాత ఆనకట్ట 1852కి పూర్తయింది, ఆ కాలువలు లేకపోతే ఈ పచ్చదనం ఎక్కడిది? కడియం నర్సరీలు కూడా ఆ నీళ్ళ మీద, గోదావరి ఒండ్రు మట్టి మీద లేచినవే. అందుకే పిల్లలకు ముందు గోదారి చూపించి, తర్వాత మొక్కలు చూపించాలంటాను.

కడియపులంకలో ఒక చిన్న నర్సరీకి వెళ్ళి, పిల్లలు చూస్తారండి, ఓ గంట ఉండొచ్చా అని అడిగాను. సరేనన్నారు. షేడ్ నెట్ కింద ఒకావిడ మామిడి అంట్లు కడుతోంది. టెంక మొక్క తల కోసేసి, కాండాన్ని నిలువునా కొంచెం చీల్చి, మంచి రకం కొమ్మ చివర రెండు వైపులా పలచగా చెక్కి ఆ చీలికలోకి దింపి, ప్లాస్టిక్ రిబ్బనుతో బిగించి చుట్టేసి, పైన పుల్ల ఐసు కవరు లాంటిది తొడిగేసింది, అంతా కలిపి నిమిషం పట్టిందేమో. మామిడి జిగురంటి ఆవిడ వేళ్ళు నల్లబడిపోయి ఉన్నాయి. మా పెద్దది ఎనిమిదేళ్ళది, ఫోను కోసం పేచీ పెట్టే పిల్ల, కదలకుండా పక్కన కూర్చుండిపోయింది. ఆవిడ టెంక మొక్కకీ, కొమ్మకీ బెరడు కింద ఉన్న పచ్చ పొర గోటితో గీకి చూపించి, "ఇదీ అదీ కలవాలి పాపా, లేకపోతే అతకదు" అంది. కత్తి ఇవ్వలేదు గానీ రిబ్బను చుట్టడం మాత్రం దానిచేతే చేయించింది. ఏ స్కూలు పుస్తకమూ ఆ మాట అంత బాగా చెప్పలేదు.

చిన్నోడేమో కవర్లలో ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు నింపేవాళ్ళ దగ్గర చేరి మోచేతుల దాకా పూసుకున్నాడు. అమ్మ నూరువరహాల మొక్క చూసి ఆగిపోయింది. వాళ్ళ పుట్టింట్లో బావి పక్కన ఉండేదట. నాకు నలభై ఏళ్ళొచ్చాయి, ఆ బావి సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ మొక్క కొన్నాం, పాప కట్టిన అంటు కూడా డబ్బిచ్చి తెచ్చుకున్నాం.

అక్కడ నాకు ఒళ్ళు మండేది ఒక్కటే. కొందరు ఫొటోల కోసం వచ్చి, పూలు తుంచి జడలో పెట్టుకుని, చివరికి ముప్పై రూపాయల మొక్క దగ్గర పదికి బేరమాడతారు. అది పార్కు కాదు, వాళ్ళ బతుకుతెరువు. అడిగి లోపలికి వెళ్ళండి, ఏదో ఒకటి కొనండి.

అంట్లు కట్టడం చూడాలంటే వానాకాలంలో వెళ్ళండి, పూల కోసమైతే డిసెంబరు, జనవరి. పెద్దావిడ కోసం ఒక మడత కుర్చీ పట్టుకెళ్ళండి, కూర్చోవడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. మొక్కలు డిక్కీలో పెట్టకండి, వేడికి వాడిపోతాయి, కాళ్ళ దగ్గర పెట్టుకోండి. మా పాప అంటుకి మూడో వారంలో ఎర్రటి చిగురొచ్చింది, అది కనిపించిన పొద్దున ఆరింటికే నన్ను నిద్ర లేపేసింది.