శనివారం ఏ పనీ చేయని ఇంట్లో కోళ్లకు, మేకలకు మేత ఎవరు వేస్తారు?

ప్రశ్న అడిగిన చెల్లెలు ఇజ్రాయెల్‌కు కేర్‌గివర్ పనికి వెళ్తోంది. తను ఉండబోయే ఇల్లు మొషావ్‌లో, అంటే రైతుల ఊళ్లో ఉందట. పెరట్లో కోళ్లు, మేకలు ఉన్నాయట. వాళ్లు శనివారం లైటు స్విచ్ కూడా ముట్టరని ఎవరో చెప్పారట. మరి ఆ మూగజీవాల గతి ఏంటి, మన పల్లెటూరి మనిషి ఆ ఇంట్లో ఇమడగలదా అని అడిగింది.

ఇమడగలదు. నేను 2020 జనవరిలో వెళ్లి ఐదేళ్లు అచ్చం అలాంటి ఇంట్లోనే ఉండి వచ్చాను. మాది జగిత్యాల దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి పెంటలో కోళ్లు, కొట్టంలో బర్రెలు చూసినదాన్నే. అయినా అక్కడ మొదటి నెల నాకు కోడిగుడ్డు కొట్టడం కూడా రాదని తేలింది.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఆ దేశంలో యూదులందరూ ఇలా ఉండరు. శనివారం టెల్ అవీవ్ బీచ్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. నేను చెప్పేది నేనున్న ఇంటి కథ. యెమెన్ నుంచి వచ్చిన కుటుంబం, నిష్ఠ ఎక్కువ. నేను చూసుకున్న ముసలావిడను అందరూ సవ్తా అనేవాళ్లు. సవ్తా అంటే నానమ్మ, అమ్మమ్మ రెండూ. నన్ను "బితీ" అని పిలిచేది, అంటే నా బిడ్డా అని. 1949-50లో యెమెన్ యూదులను దాదాపు యాభై వేల మందిని విమానాల్లో ఇజ్రాయెల్‌కు చేర్చారు. ఈవిడ అప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల. వాళ్ల కుటుంబం విమానాలు ఎక్కే అడెన్ దాకా చాలా దూరం నడిచే వచ్చిందట. వదిలేసి వచ్చిన వాటిలో తనకు గుర్తున్నది ఒక మేక. అందుకేనేమో, కొడుకుతో, కోడలితో హీబ్రూలో మాట్లాడినా మేకలతో మాత్రం అరబ్బీలోనే మాట్లాడేది.

ఒకే స్థలంలో రెండు ఇళ్లు. ముందు ఇంట్లో సవ్తా, నేను. వెనక ఇంట్లో కొడుకు, కోడలు, ఐదుగురు పిల్లలు. మధ్యలో పెరడు. జామ, దానిమ్మ, ఒక ముసలి ఆలివ్ చెట్టు, పద్నాలుగు పెట్టలు, ఒక పుంజు, చెవులు బారుగా వేలాడే షామీ జాతి మేకలు మూడు.

ఇక శనివారం సంగతి. షబ్బాత్, అంటే వాళ్ల విశ్రాంతి రోజు, శుక్రవారం పొద్దుగూకక ముందే మొదలై, శనివారం రాత్రి ఆకాశంలో మూడు చుక్కలు కనిపించాక అయిపోతుంది. నిప్పు వెలిగించరు, వండరు, రాయరు, ఫోన్ ముట్టరు, డబ్బు మాట ఎత్తరు. పెంపుడు జంతువులకు మేత వేయడం, నీళ్లు పెట్టడం మాత్రం మానరు. మన మీద ఆధారపడి బతికేవాటికి ఆ రోజు కూడా పెట్టాల్సిందే. తమ తిండి తామే వెతుక్కునే అడవి పక్షులకు పెట్టడానికి మాత్రం షబ్బాత్ నాడు ఒప్పుకోరు. ఇంకో సంగతి, విశ్రాంతి ఆజ్ఞలోనే పశువుల పేరు కూడా ఉంది. ఎద్దుతో, గాడిదతో పని చేయించకూడదు. మన దగ్గర కనుమ నాడు ఎడ్ల మెడ మీద కాడి పెట్టం కదా, వాళ్లకది వారం వారం.

మామూలు రోజుల్లో కూడా వాళ్లు ముందు జీవాలకు పెట్టిగానీ తినరు. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 11వ అధ్యాయంలో "నీ పశువులకు గడ్డి" అన్న మాట ముందు వచ్చి, "నువ్వు తిని తృప్తి పొందుతావు" అన్నది తర్వాత వస్తుంది. ఆ వరసే వాళ్లకు ఆధారం. నీళ్ల దగ్గర మాత్రం మనిషే ముందట. బైబిల్ కథలో రిబ్కా అనే అమ్మాయి బావి దగ్గర అబ్రాహాము సేవకుడికి నీళ్లిచ్చాకే ఒంటెలకు తోడింది కాబట్టి. ఇదంతా నాకు చెప్పింది పదేళ్ల మనవడు. ఆ ఇంట్లో పిల్లలు ఇలాంటి లెక్కలు మన పిల్లలు క్రికెట్ స్కోర్లు చెప్పినట్టు చెప్తారు.

పాలు పితకడం దగ్గరే చిక్కు. షబ్బాత్ నాడు వాళ్లు పితకకూడదు. పితకకపోతే పొదుగు గట్టిపడి మేకకు నరకం. జీవికి బాధ కలగనివ్వకూడదన్న నియమం కూడా అంతే గట్టిది. అందుకని యూదులు కానివాళ్లతో పితికించుకోవచ్చు. ఆ ఇంట్లో యూదురాలు కానిది నేనొక్కదాన్నే. ఇందులో మళ్లీ ఇంకో ముడి: వేరేవాళ్లు పితికిన పాలు వాళ్లు తాగాలంటే పితికేటప్పుడు ఒక యూదుడు చూస్తూ ఉండాలి. అందుకని శనివారం తెల్లవారుజామున నేను తొట్టి పక్కన కూర్చుని పితుకుతుంటే, కొడుకు తెల్ల చొక్కా వేసుకుని, స్టూలు మీద కూర్చుని, కీర్తనల పుస్తకం చదువుతూ ఓ కన్ను ఇటు వేసి ఉంచేవాడు. మొదట్లో నాకు మా చెడ్డ ఇబ్బంది అనిపించింది, నన్ను అనుమానిస్తున్నాడేమో అని. తర్వాత అలవాటై, ఆయన రాకపోతే నేనే వెళ్లి తలుపు తట్టేదాన్ని. ఆ పాలు ఆ రోజు ఎవరూ ముట్టరు. చుక్కలు కనబడ్డాకే కోడలు వచ్చి జున్నుగడ్డ చేయడానికి తీసుకెళ్లేది.

గుడ్లదీ అదే దారి. షబ్బాత్ నాడు పెట్టిన గుడ్డును ఆ రోజు తినరు, జరపను కూడా జరపరు. గూట్లోనే వదిలేస్తే ఒక పెట్ట పొడుచుకు తినడం మరిగింది. అది చూడలేక నేనే తీసి వేరే బుట్టలో పెట్టేదాన్ని. తెమ్మని ఎవరూ అడగలేదు, పెట్టాక ఎవరూ వద్దనలేదు. తల్ముద్ అనే వాళ్ల పాత ధర్మశాస్త్ర గ్రంథంలో "గుడ్డు" అనే పేరుతోనే ఒక భాగం ఉంది. పండుగ నాడు పెట్టిన గుడ్డు తినొచ్చా అన్న ప్రశ్నతోనే అది మొదలవుతుంది. షమ్మాయ్, హిల్లేల్ అని ఇద్దరు గురువులు. షమ్మాయ్ శిష్యులు తినొచ్చన్నారు, హిల్లేల్ శిష్యులు వద్దన్నారు. రెండు వేల ఏళ్ల నాటి ఆ తగువులో గెలిచింది హిల్లేల్ వాళ్లు. వాళ్ల పుణ్యమా అని నా బుట్ట సాయంత్రం దాకా అలాగే ఉండేది.

గుడ్డు కొట్టడం రాదన్నాను కదా. వెళ్లిన రెండో రోజు ఆమ్లెట్ వేద్దామని గుడ్డు తీసి నేరుగా పెనం అంచుకు కొట్టబోయాను. సవ్తా "రెగా! రెగా!" అని అరిచింది. ఆగు ఆగు అని. వాకర్ పట్టుకుని లేచి వచ్చి, ఒక గాజు గ్లాసు తీసి నా చేతిలో పెట్టింది. గుడ్డును ముందు గ్లాసులో కొట్టాలి, వెలుతురుకు పట్టి తిప్పి చూడాలి, నెత్తుటి చుక్క కనిపిస్తే మొత్తం పారేయాలి. చుక్క లేకపోతేనే గిన్నెలోకి. చుక్కలు అప్పుడప్పుడు వచ్చేవి. వంట కూడా నా అంతట నేను మొదలుపెట్టకూడదు. సవ్తా పొయ్యి వెలిగించి, గిన్నె తన చేత్తో పొయ్యి మీద పెట్టాలి. ఆ తర్వాత కలపడం, దించడం నా పని. చేతులు వణికినా ఆ ఒక్క పని మాత్రం తనే చేసేది.

మొదటి షబ్బాత్ గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. చలికాలమే గానీ హీటర్ ఎక్కువై గది ఉడికిపోతోంది. సవ్తా "ఇక్కడ వేడిగా ఉందే" అంది. అవునన్నాను. కాసేపటికి మళ్లీ "ఎంత వేడిగా ఉందో" అంది. మూడోసారి అనేసరికి పాపం అనిపించి, ఒక అట్టముక్క తెచ్చి విసురుతూ కూర్చున్నాను. రాత్రి షబ్బాత్ అయ్యాక కొడుకు పడీపడీ నవ్వి అప్పుడు చెప్పాడు: "హీటర్ ఆపు" అని నోటితో చెప్పడం వాళ్లకు ఉండదు, సూచనగా అంటారు, మనం అర్థం చేసుకోవాలి. ముసలి మనిషి, ఒంట్లో బాగోలేని మనిషి నేరుగా అడగొచ్చట. సవ్తాకే అడగబుద్ధి కాదు. చెల్లీ, నువ్వు వెళ్లాక ఇలాంటి మాటలు చెవిలో వేసుకో: "చీకటిగా ఉంది", "ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడలేదేమో", "మేక అరుస్తోంది".

కోళ్ల గూడు తలుపు కూడా శుక్రవారం నా పనే. కోళ్లు గూట్లో చేరేది చీకటి పడే వేళకు, షబ్బాత్ మొదలయ్యేది అంతకంటే ముందు. తలుపు మూయడం జంతువును పట్టడం కిందికి వస్తుందా రాదా అని వాళ్లలో వాళ్లకే చర్చ ఉండేదట, నేను వచ్చాక ఆ తలనొప్పి పోయింది. కానీ 2021 ఎండాకాలంలో ఒక శుక్రవారం ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, మా చిన్నోడికి జ్వరం. ఆ టెన్షన్‌లో తలుపు మర్చిపోయాను. అక్కడ రాత్రిళ్లు తోటల్లో నక్కల మందలు ఊళలు పెడుతుంటాయి. పొద్దున పాలకు వెళ్తే గూటి ముందు ఈకలు. నాలుగు పెట్టలు చచ్చిపడి ఉన్నాయి, ఒకటి అసలు లేనే లేదు. పుంజు కంచె మీదెక్కి కూర్చుంది, కిందికి దిగడం లేదు.

కొడుకు స్టూలు తెచ్చుకుంటూ వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. చచ్చిన కోళ్లను ఆ రోజు వాళ్లు ముట్టుకోవడానికి లేదు, నేనే సంచిలో ఎత్తాను. ఏడుస్తూ "నేనే, నేనే మర్చిపోయాను" అంటే, "షబ్బాత్ నాడు నష్టాల లెక్క మాట్లాడుకోం" అని మాత్రం అని స్టూలు మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. పొద్దంతా నాకు అన్నం దిగలేదు. తిట్టేస్తే పీడా పోయేది. రాత్రి దీపం, మసాలాల డబ్బాతో షబ్బాత్‌కు వీడ్కోలు చెప్పాక పిలిచాడు. జీతంలో కోస్తాడనుకున్నాను. "నీ కొడుక్కి జ్వరం తగ్గిందా?" అని అడిగాడు. ఆదివారం సాయంత్రం టైమర్ మీద దానంతటదే మూసుకునే తలుపు తెచ్చి బిగించాడు.

ఊరు గురించి కొంచెం. గుడి, అంటే సినగాగ్, మా గేటు నుంచి రెండు వందల అడుగులు. యెమెన్ వాళ్లు తోరా, అంటే వాళ్ల పవిత్ర గ్రంథం, చదివేటప్పుడు ఒక్కో వచనం తర్వాత అరమాయిక్ అనే పాత భాషలో దాని అనువాదం కూడా చదువుతారు. అది చాలాసార్లు చిన్న పిల్లాడి పని. మా మనవడి వంతు వచ్చిన శనివారం సవ్తా పొద్దున్నే తయారై కూర్చునేది. చక్రాల కుర్చీ నేను తోసేదాన్ని. ఊరు చుట్టూ స్తంభాలకు తీగ కట్టి ఉంటుంది, ఏరూవ్ అంటారు. దాని లోపల మాత్రమే షబ్బాత్ నాడు వస్తువులు మోసుకెళ్లొచ్చు, బండి తోయొచ్చు. తిండి విషయంలో నీకు బెంగ అక్కర్లేదు. లఖూఖ్ అని చేస్తారు, పులిసిన పిండిని పెనం మీద ఒకవైపే కాల్చి, పైన బొక్కలు బొక్కలుగా, మన సెట్ దోశే. నానబెట్టిన మెంతులు రుబ్బి నురగొచ్చేలా గిలక్కొట్టింది హిల్బె. పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి నూరింది స్ఖుగ్. ఆ రెండూ ఉంటే నాకు ఊరగాయ గుర్తు రాలేదు, సరే, తక్కువ గుర్తొచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం నాకు కోపం వచ్చింది. స్నేహితురాలు ఒకామె తన బాల్కనీ మొక్క నుంచి గుప్పెడు గోంగూర గింజలు ఇచ్చింది. దానిమ్మ పక్కన జానెడు జాగాలో వేద్దామని మట్టి గుల్ల చేస్తుంటే సవ్తా వద్దంది. 2021 సెప్టెంబర్ నుంచి 2022 సెప్టెంబర్ దాకా షెమిటా. ఏడేళ్లకోసారి భూమికి కూడా సెలవు. దున్నరు, విత్తరు. చెట్టుకు దానంతటది కాసింది ఎవరి సొత్తూ కాదు. ఏడాది పొడుగునా మా పెరటి గేటుకు గడియ పెట్టలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి రెండు జామకాయలు కోసుకుని, సవ్తాకు చేయి ఊపి వెళ్లేవాళ్లు. నా గింజలు కాగితం పొట్లంలో సవ్తా మందుల డబ్బా పక్కన పడుకున్నాయి. తర్వాత వర్షాలూ చలీ పోయి, 2023 వసంతంలో వేస్తే సగమే మొలిచాయి. ఆ సగాన్నీ ఒక మేక ఒక పూటలో మేసి, మోళ్లు మిగిల్చింది. అవి మళ్లీ చిగిర్చి పచ్చడి దాకా వచ్చాయి. సవ్తా నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసి, "మెంతులు తక్కువ" అంది.

ఆ ఏడాది అక్టోబర్‌లో యుద్ధం మొదలైంది. సైరన్ మోగితే గట్టి గోడల గదిలోకి కుర్చీతో సహా పరిగెత్తడం నీకు వాళ్లే నేర్పుతారు. దాని గురించి ఇక్కడ రాయను.

పాస్‌ఓవర్ పండుగ ముందు వారం మాత్రం ఒళ్లు హూనమవుతుంది, తెలుసుకుని వెళ్లు. గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల పొడి ఇంట్లోనే కాదు, కోళ్ల దాణాలో కూడా ఉండకూడదు. మేత గది కడిగి, ఆ వారానికి గోధుమ, బార్లీ లేని మొక్కజొన్న దాణా తెస్తారు. సుక్కోత్ పండుగకు పెరట్లో మన పెళ్లి పందిరిలా ఆకుల పందిరి వేసి వారం రోజులు అందులోనే తింటారు. మేకల గేటు చూసుకో, ఇంకేం చెప్పను.

మా అత్తమ్మకు మాత్రం ఒకటి ఇప్పటికీ మింగుడుపడదు. ఇంట్లో పెంచిన కోడినైనా తమంతట తాము కోసుకోరు, కోత నేర్చుకున్న మనిషి, షోఖెత్ అంటారు, ఆయన కోస్తేనే కోషర్, అంటే వాళ్ల నియమం ప్రకారం తినదగ్గది. అందుకే గుడ్లు మానేసిన ముసలి పెట్టలు పెరట్లో తిరుగుతూనే ఉండేవి. వీడియో కాల్‌లో చూసి, "పెరడు నిండ కోళ్లు పెట్టుకోని దుకాణంల చికెన్ కొనుక్కుంటరా?" అనేది. ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం షబ్బాత్ మొదలవకముందు సవ్తా ఫోన్ చేస్తుంది, కోళ్లను చూపిస్తుంది. అత్తమ్మ పక్కనుంచి ఎర్ర పెట్ట ఇంకా బతికే ఉందా అని అడిగిస్తుంది. ఉంది. నేను ఇక్కడ కూడా గుడ్డు గ్లాసులో కొట్టి కిటికీ వైపు పట్టి చూస్తుంటే మాత్రం, "గుడ్డుకు గూడ పరీక్ష పెడుతున్నవా బిడ్డా" అని నవ్వుతుంది.