ఆ సంతకం ఇప్పుడే పెట్టకండమ్మా

ప్రశ్న: నా వయసు 61. మాది చిన్న ఊరు, మెథడిస్టు కుటుంబం. టీచరుగా రిటైరైన మావారు ఎనిమిది నెలల కిందట ప్రభువునందు నిద్రించారు. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది, వీలునామా రాయలేదు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు, ఇల్లు తన పేర రాసిస్తే అమ్మి ఫ్లాట్ కొంటానని, నన్ను తన దగ్గరే పెట్టుకుంటానని అంటున్నాడు. "చెల్లికి పెళ్లిలోనే ఇచ్చేశాం కదా" అంటాడు. కూతురు ఏమీ మాట్లాడదు. చర్చిలో పాట మొదలైతే నాకు ఏడుపు ఆగదు. అది విశ్వాసం లేకపోవడమేనని ఒకరిద్దరు అన్నారు. వెళ్లడం మానేశాను. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ ఏడుపు సంగతి. ఇన్నేళ్లూ మగవాళ్ల వైపు నుంచి వినపడిన ఆయన గొంతు ఇప్పుడు వినపడదు. పాట దగ్గర కాకపోతే ఇంకెక్కడ గుర్తొస్తారు? చనిపోయిన లాజరును తానే లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. మిమ్మల్ని ఆ మాట అన్నవాళ్లు తప్పు మాట్లాడారు.

ఆదివారం ఆరాధన బరువుగా ఉంటే కొన్నాళ్లు స్త్రీల సమాజం కూడికకు మాత్రం వెళ్లండి. నలుగురైదుగురు తెలిసినవాళ్లే ఉంటారు, ఏడ్చినా పరవాలేదు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టుల మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసి మందిగా విడదీసి, వారానికి ఒక పెన్నీ వసూలు చేయమన్నారు. పెన్నీ కోసం ఇళ్లకు వెళ్లినవాళ్లకు అక్కడి కష్టాలు కనపడ్డాయి. క్లాస్ మీటింగులు, అంటే ఒకరి కష్టం ఒకరు వినే చిన్న గుంపుల కూడికలు, అలా మొదలయ్యాయి. మీ పాస్టరమ్మగారికి ఒక్క మాట చెప్పండి, వాళ్లే మీ ఇంటికి వస్తారు.

ఇక ఇల్లు. మీ అబ్బాయి చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. తల్లి ఒంటరిగా ఉందన్న టెన్షన్ అతనికీ ఉంటుంది. కానీ ఆ ఇల్లు అతనొక్కడిదీ కాదు, మీ ఒక్కరిదీ కాదు. వీలునామా లేకుండా పోయిన క్రైస్తవుడి ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం మూడో వంతు భార్యది. మిగతా రెండు వంతులు పిల్లలవి, కొడుకుకూ కూతురికీ సమానంగా. అంటే మీ ముగ్గురికీ తలా ఒక వాటా. పెళ్లిలో పెట్టారన్న కారణంతో కూతురి వాటా పోదు. ఆమె మౌనాన్ని ఒప్పుకోలు అనుకోకండి. అన్నతో చెడుతుందేమోనన్న భయం కావచ్చు. మీరే ఆమెను విడిగా కూర్చోబెట్టుకుని అడగండి.

ఎప్పటికైనా మీ వాటా రాసివ్వాలనిపిస్తే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు ఆ గిఫ్ట్ డీడ్‌లోనే రాయించండి. షరతు ఉండి కూడా చూడకపోతే, 60 దాటినవాళ్లు 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ డీడ్‌ను రద్దు చేయించుకోవచ్చు. నోటిమాట మీద నమ్మి రాసిచ్చాక అదే పని చాలా కష్టమవుతుంది. సంతకానికి ముందు మీ తరఫున ఒక లాయరును కలవండి, అబ్బాయి తెచ్చిన లాయరును కాదు.

కొడుకు దగ్గరికి వెళ్లడమే తప్పని నేను అనను. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి సుసన్నా 1735లో భర్త పోయాక పిల్లల ఇళ్లలో ఉంటూ, చివరికి లండన్‌లో జాన్ దగ్గరే ఉన్నారు. అక్కడ పాస్టరుగా అభిషేకం పొందని ఒక యువకుడు ప్రసంగం చేశాడని జాన్ కోపంగా వస్తే, ముందు అతని మాట విను అని ఆపింది ఆమే. జాన్ విన్నాడు, ఆ యువకుణ్ణి ప్రసంగించనిచ్చాడు.

మీరూ అబ్బాయితో ఇలా చెప్పి చూడండి: "నాన్న సంవత్సరీకం కూడిక అయ్యేదాకా ఇంటి మాట వద్దు. అప్పటిదాకా నెలలో పది రోజులు నీ దగ్గరికి వచ్చి ఉంటాను. ఆ తర్వాత చెల్లిని కూడా పిలిచి ముగ్గురం కూర్చుందాం." దీనికి అతను ఏమన్నాడో నాకు రాయండి.